బిరిక్త మీద రాసిన రెండు మాటలు

హద్రుమేతుమ్ అనే ఊళ్ళో, రేవు వెనక, చేపలు ఊరవేసే తొట్ల పక్క సందులో, బిరిక్త ఉన్ని వడుక్కుంటూ బతికేది. యాభై రెండేళ్ళ మనిషి. ఒకప్పుడు ఔఫీదియా అనే పెద్దింటి ఆవిడ దగ్గర బానిస. ఆవిడ దయతలచి విడుదల చేసి పద్నాలుగేళ్ళయింది. చలికాలం పోయి ఎండ ముదరని రోజుల్లో ఒక మధ్యాహ్నం, కోర్టు బంట్రోతు ఒకడు ఆమె గుమ్మంలో నిలబడి, మైనం పూసిన చెక్కపలక విప్పి, గొంతెత్తి చదవడం మొదలుపెట్టాడు.

అతను చదివింది లాటిన్. బిరిక్తకు వంటింటి లాటిన్ వచ్చు. నీళ్ళు తే, దీపం ఆర్పు, బాబును ఎత్తుకో, ఇలాంటివి. పలకలోది ఆ లాటిన్ కాదు. అయినా అందులో రెండు పేర్లు తెలిశాయి. ఒకటి తనది. రెండోది గాయుస్ పుదెన్స్‌ది. ఔఫీదియా అమ్మగారి ఒక్కగానొక్క కొడుకు. అమ్మగారు పోయాక ఆ ఇంటికి ఇప్పుడతనే యజమాని. చదవడం అయిపోయి, పలక ఆమె గడప మీద పెట్టి బంట్రోతు వెళ్ళిపోయాక కూడా బిరిక్త చేతిలో కదురు అలాగే వేలాడుతోంది. ఎదురింటి గడపలో కూర్చున్న ఇద్దరు ఆడవాళ్ళు లేచి లోపలికి పోయారు. వాళ్ళు తలుపు వేసుకున్న చప్పుడు వినపడింది.

పలకను కొంగులో దాచుకుని ఇద్దిబాల్ దగ్గరికి పోయింది.

ఇద్దిబాల్ బజారు చావడిలో కూర్చుని అర్జీలు రాసే కుంటివాడు. వాళ్ళ అమ్మనాన్నలదీ బిరిక్త అమ్మనాన్నలదీ ఒకే పాత భాష, కార్తేజ్ వాళ్ళ భాష. చిన్నప్పటి నుంచి కోర్టు గుమ్మాల దగ్గరే తిరిగాడు కాబట్టి లాటిన్‌లో మెలికలన్నీ అతనికి తెలుసు. పలకను ఎండకు పట్టి, పెదాలు కదుపుతూ రెండు మార్లు చదివాడు. చదివి, పక్కనున్న వాళ్ళను అవతలికి పొమ్మన్నాడు.

"అక్కా, ఎవరితోనైనా గొడవ పడ్డావా?"

"నేనా?"

"నువ్వు పడవులే. చిన్నయ్యగారు నీ మీద ఫిర్యాదు చేశారు. విడుదలైన మనిషివై ఉండి, విడిపించిన ఇంటి మీద కృతజ్ఞత లేదని. చట్టంలో అది నేరం. గవర్నరు కార్తేజ్ నుంచి వచ్చి ఇక్కడ కూర్చున్నప్పుడు హాజరు కావాలి. ఇంకా ఇరవై ఆరు రోజులుంది."

ఏం చేశానని రాశారని ఆమె అడిగింది. ఇద్దిబాల్ పలక మీద వేలు పెట్టి చూపించాడు. రెండు మాటలు. ఒకటి నెగ్లెక్సిత్. దాని పక్కనే కొంతెంప్సిత్. రెండూ ఒకేలా వినపడ్డాయి ఆమెకు.

ఒకటి కావని అతను నెమ్మదిగా చెప్పాడు. మొదటిదాని అర్థం పట్టించుకోలేదని. చెయ్యాల్సిన పని చెయ్యకుండా ఊరుకుందని. రెండోది అలా కాదు. ఎదుటి మనిషిని చూసి, ఎవరో తెలిసి, వీడెంతలే అనుకుని వదిలేసిందని. పట్టించుకోకపోతే గవర్నరు నలుగురిలో చీవాట్లు పెట్టి, మళ్ళీ ఇలా చేస్తే ఊరుకోనని బెదిరించి పంపేస్తాడు. లెక్కచెయ్యలేదని తేలితే మాత్రం ఊరు విడిచి పోవాలి. మూడేళ్ళో, ఐదేళ్ళో.

"ఇంకోటి కూడా ఉంది, అది ఇందులో రాయలేదు. యజమానిని నోటితో అవమానించడం. దాని జోలికి మాత్రం పోకు. అక్కడ నిలబడి ఆయన్ని ఒక్క చెడ్డమాట అన్నావో, నిన్ను నేను కాదు, ఎవరూ కాపాడలేరు."

బిరిక్త తనను గురించి ఆలోచించలేదు. నొవెల్లా మాటేమిటని అడిగింది.

నొవెల్లా ఆమె కూతురు. తల్లికి విడుదల రాకముందే పుట్టింది కాబట్టి ఇంకా ఆ ఇంటి సొత్తే. ఇరవై ఆరేళ్ళు. మగ్గాల గదిలో పనిచేస్తుంది. దూరంగా ఉన్నా ఒక ఊళ్ళోనే ఉన్నారు కాబట్టి పండగలప్పుడో, నీళ్ళకు వచ్చినప్పుడో తల్లీ కూతుళ్ళు ఒకరినొకరు చూసుకోగలిగేవారు. తల్లిని ఊరి నుంచి పంపేశాక కూతురిని ఎవరికైనా అమ్మేస్తే అడిగే దిక్కుండదు. ఇద్దిబాల్ పలక మూసి ఆమె చేతిలో పెట్టాడు.

*

అసలు జరిగింది ఇది.

పుదెన్స్‌ను పెంచింది బిరిక్తే. ఆమెకు పంతొమ్మిదో ఏట పుట్టిన మొదటి బిడ్డ ఏడో రోజున పోయాడు. అదే వారంలో అమ్మగారికి పుదెన్స్ పుట్టాడు. బిరిక్త పాలు అతను రెండేళ్ళు తాగాడు. జబ్బు చేస్తే బార్లీ గంజిలో జీలకర్ర వేసి ఆమె కాచి పట్టాలి. ఇంకెవరు కాచినా ఉమ్మేసేవాడు. పెద్దయ్యాక కూడా ఒంట్లో బాగాలేకపోతే గంజి కోసం కబురు వచ్చేది. ఆమె వెళ్ళేది. విడుదలయ్యాక కూడా వెళ్ళేది. ప్రతి ఉదయం మిగతావాళ్ళతో పాటు వరండాలో నిలబడి నమస్కారం పెట్టుకుని వచ్చేది.

రెండేళ్ళ కిందట అమ్మగారికి జ్వరం వచ్చింది. ఆవిడ పక్కన ఉండి సేవ చేసింది క్రెస్తే అనే గ్రీకు బానిస. మందులూ మాకులూ తెలిసిన మనిషి. నవ్వితే ముక్కు మీద ముడతలు పడేవి. ఐదో రోజు పొద్దున్నే క్రెస్తే ఇచ్చిన గంజి తాగి, మధ్యాహ్నానికి అమ్మగారు పోయారు. పుదెన్స్ తల్లి శవం దగ్గర నేల మీద పడి ఏడ్చాడు. ఏడుపు ఆగాక, అమ్మకు ఏం పెట్టారో తెలియాలన్నాడు. చట్టం ఒప్పుకుంటుంది. యజమాని అనుమానంగా చనిపోతే బానిసను హింసించి నోటి నుంచి నిజం కక్కించవచ్చు. క్రెస్తేను నూనె గానుగల కొట్టంలోకి తీసుకుపోయారు.

ఆ రెండు రోజులూ బిరిక్త ఆ ఇంట్లోనే ఉంది, శవానికి చెయ్యాల్సిన పనుల కోసం. కొట్టానికీ పెరటికీ మధ్య ఒక్క గోడ. ఆమె గోడకు ఇవతల కూర్చుని ఏడ్చేవాళ్ళ కోసం నల్ల ఉన్ని దువ్వుతూ ఉంది. దువ్వెన ఎక్కడ ఆపిందో, ఎక్కడ మళ్ళీ మొదలెట్టిందో ఆమెకు తెలియదు. మూడో రోజు పొద్దున చప్పుడు లేదు. క్రెస్తే ఏమీ ఒప్పుకోకుండానే పోయిందని వంటవాడు చెప్పాడు. అమ్మగారిది జ్వరమేనని వైద్యులు అంతకుముందే చెప్పారట.

అప్పటి నుంచి బిరిక్త ఆ ఇంట్లో గిన్నె ముట్టలేదు. వెళ్ళేది, నమస్కారం పెట్టేది, వచ్చేది. మెల్లగా అది కూడా తగ్గింది. ఈసారి చలికాలంలో పుదెన్స్‌కు జ్వరం పట్టుకుంది. చేపలమ్మే ఆవిడ బజారులో ఆ మాట చెప్పింది. తొమ్మిది రోజులుగా మంచం మీదే ఉన్నాడట, గంజి గంజి అని కలవరిస్తున్నాడట. బిరిక్త ఇంటికి వచ్చి జీలకర్ర మూట కట్టుకుంది. శాలువా కప్పుకుంది. ఆ ఇంటి గుమ్మం దాకా నడిచింది. తలుపు తెరిచే ఉంది. లోపల చల్లటి రాతి నేల, తడి వాసన, గోడకు ఆనించిన గానుగ కర్ర. అంతవరకే. గడప మీద కాలు పెట్టలేకపోయింది. ఈ గంజి తాగి ఇతను పోతే? అన్న ఆలోచన ఒకటే. ద్వారపాలకుడు లోపలెక్కడో ఉన్నాడు, చూడలేదు. ఆమె వెనక్కి తిరిగి, మూట కొంగులోనే ఉండగా, వచ్చేసింది.

పుదెన్స్ బతికాడు. లేచి కూర్చోగానే, నా గంజిమనిషి ఎందుకు రాలేదని అడిగాడట. నీళ్ళ దగ్గర కనపడినప్పుడు నొవెల్లా ఆ మాట తల్లి చెవిలో వేసింది.

"ఇప్పుడైనా వెళ్ళి కాళ్ళ మీద పడమ్మా. తల నొప్పిగా ఉందనో, నీకే జ్వరమనో ఏదో ఒకటి చెప్పు."

ఆమె వెళ్ళలేదు. రేపు వెళ్తాననుకుంది. రోజులు గడిచేకొద్దీ గడప ఇంకా ఎత్తయింది. చివరికి పలకే ఇంటికి వచ్చింది.

*

ఆ ఇరవై ఆరు రోజులూ బిరిక్త సరిగా తినలేదు. ఎదురింటివాళ్ళు నిప్పు అడగడం మానేశారు. ఉన్ని ఇచ్చే వ్యాపారి ఇంకెవరికో ఇచ్చాడు. సందులో ఎవరి చెప్పుల చప్పుడు వినపడినా మళ్ళీ బంట్రోతు వచ్చాడేమోనని కదురు వదిలి తలుపు సందులోంచి చూసేది. అన్నిటికంటే ఎక్కువ భయం నొవెల్లా గురించి. రేవులోకి బానిసల పడవ వచ్చిందంటే చాలు, గట్టు మీదికి పరిగెత్తి, ఎక్కేవాళ్ళ మొహాలు ఒక్కొక్కటీ చూసి, కూతురు లేదని రూఢి చేసుకుని వచ్చేది.

ఇద్దిబాల్ ఆమెకు ఒకే మాట నేర్పాడు. గవర్నరు ఏమడిగినా తల వంచి "నెగ్లెక్సి" అను, పట్టించుకోలేదు, తప్పయింది అని. ఇంకేమీ వద్దన్నాడు. ఆమె కదురు తిప్పుతూ ఆ మాటే అనుకునేది. నెగ్లెక్సి, నెగ్లెక్సి. కొన్నిసార్లు నాలుక తడబడి రెండో మాట బయటికి వచ్చేది. అప్పుడు ఒక్కతే ఉన్నా రెండు చేతులతో నోరు మూసుకునేది.

ఒకరోజు ఆమె ఇద్దిబాల్‌కు క్రెస్తే సంగతి చెప్పింది. గుమ్మం దాకా వెళ్ళిన సంగతి కూడా చెప్పింది. అతను చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"ఇది నాతోనే ఉంచు. అక్కడ ఆ ఆడదాని పేరెత్తావంటే, నువ్వు హింసించి చంపావని యజమానిని నలుగురిలో అన్నట్టే. పట్టించుకోకపోవడం కాదు, లెక్కచెయ్యకపోవడం కూడా కాదు. మూడోది. నోటితో అవమానం. నీ గొయ్యి నువ్వే తవ్వుకున్నట్టు."

"మరి నేను భయపడ్డానని చెప్పొద్దా?"

"పలక మీద ఆ మాట లేదు కదక్కా."

*

గవర్నరు పెద్ద చావడిలో కూర్చున్నాడు. ఎడమ చెంప వాచి ఉంది. పంటి నొప్పి కాబోలు, మాటిమాటికీ చెయ్యి చెంపకు పోతోంది. ముందు ఒక పొలం తగాదా, తర్వాత గాడిదల దొంగ. ఆపైన బిరిక్త పేరు పిలిచారు. ఆమె ముందుకు నడిచింది. కుడివైపు పుదెన్స్ నిలబడి ఉన్నాడు. జ్వరం తర్వాత సన్నబడ్డాడు. అతను ఆమె వైపు చూడలేదు.

అతని వకీలు గట్టి గొంతు మనిషి. పాలిచ్చి పెంచిన మనిషే ఇలా చేస్తే లోకం ఎటు పోతుందన్నాడు. తొమ్మిది రోజులు యజమాని చావుబతుకుల్లో ఉండి ఆమె గంజి కోసం కలవరిస్తుంటే రాలేదన్నాడు. గవర్నరు దుబాసీ వైపు తల తిప్పి ఆమెను అడగమన్నాడు. దుబాసీ అడిగేలోపే బిరిక్త చెప్పేసింది.

"నెగ్లెక్సి."

గవర్నరు తల ఊపాడు. గుమాస్తా రాసుకోబోయాడు. అప్పుడు వకీలు చేయెత్తి, సాక్షి ఉందన్నాడు. చేపలమ్మే ఆవిడను తీసుకొచ్చి నిలబెట్టారు. ఆవిడ బిరిక్త వైపు చూడలేక నేల చూస్తూ, అవును, జ్వరం సంగతి నేనే చెప్పాను, గంజి కోసం కలవరిస్తున్నాడని కూడా చెప్పాను అంది. వకీలు గవర్నరు వైపు తిరిగాడు. తెలియక ఊరుకున్న మనిషి కాదు దొరా, తెలిసి ఊరుకుంది. గంజి కోసం కలవరిస్తున్నాడని విన్నా రాలేదు. దీన్ని పట్టించుకోకపోవడమనరు, లెక్కలేనితనమంటారు. ఆ రెండో మాటే రాయాలి.

గవర్నరు చెంప నొక్కుకుంటూ ఆమె వైపు చూశాడు. నువ్వు ఏమంటావని దుబాసీ అడిగాడు. బిరిక్త మళ్ళీ నెగ్లెక్సి అనబోయింది. ఇక ఆ మాట పనిచెయ్యదని ఆమెకు తెలుసు. మగ్గాల గది, రేవు గట్టు, పడవలోకి వేసిన చెక్క, అన్నీ ఒకేసారి కళ్ళ ముందుకొచ్చాయి. జనంలో ఇద్దిబాల్ వద్దన్నట్టు తల అడ్డంగా ఊపుతున్నాడు. ఆమె తన సొంత భాషలో మాట్లాడింది. గొంతు చాలా చిన్నగా వచ్చింది, దుబాసీ దగ్గరికి జరిగి వినాల్సి వచ్చింది.

"దొరా, నేను ఎవరినీ తప్పు పట్టట్లేదు. అంతా చట్టం ప్రకారమే జరిగింది. అమ్మగారు పోయిన రోజు గంజి కాచింది క్రెస్తే. ఆ గంజి కాచిన చేతులు ఏమయ్యాయో నాకు తెలుసు, నేను గోడకు ఇవతల కూర్చుని విన్నాను. నేను కూడా గంజి కాచేదాన్నే. జీలకర్ర కట్టుకుని గుమ్మం దాకా వెళ్ళాను. కాలు లోపలికి పోలేదు. నేను బాబును లెక్కచెయ్యకపోవడం ఏమిటి? నా పాలు తాగాడు. భయమేసింది దొరా. అంతే."

దుబాసీ అంతా విన్నాడు. ఒకసారి పుదెన్స్ వైపు, ఒకసారి ఆమె వైపు చూశాడు. తర్వాత మాట మాటా లాటిన్‌లో చెప్పాడు. చెప్పడం అయీ అవకముందే వకీలు లేచి, ఇది నింద, నలుగురిలో యజమానికి అవమానం అన్నాడు. బిరిక్తకు లాటిన్‌లో ఆ మూడో మాట వినపడింది. ఇద్దిబాల్ చెప్పిన మాటే. కళ్ళకు చీకట్లు కమ్మాయి. పక్కనున్న బంట్రోతు భుజం పట్టుకుని నిలబెట్టాడు.

"నింద ఎక్కడుంది?" అన్నాడు గవర్నరు. "చట్టం ప్రకారం జరిగిందంది కదా." ఆపైన పుదెన్స్ వైపు తిరిగి, ఆ బానిస ఏమైనా ఒప్పుకుందా అని అడిగాడు.

"లేదు," అన్నాడు పుదెన్స్.

"వైద్యులేమన్నారు?"

"జ్వరమన్నారు."

"ఎప్పుడన్నారు?"

పుదెన్స్ గొంతు సవరించుకున్నాడు. "ముందే అన్నారు."

గవర్నరు వాచిన చెంపను వేళ్ళతో తడుముకున్నాడు. ఆ పైన గుమాస్తాను రాయమన్నాడు. పలక మీద ఉన్న రెండు మాటల్లో రెండోదాన్ని కొట్టెయ్యమన్నాడు. మొదటిది ఉంచమన్నాడు. భయం నేరం కాదు, అలాగని అది సాకు కూడా కాదు అన్నాడు. ఇకమీదట ప్రతి ఉదయం యజమాని ఇంటికి వెళ్ళాలి. జబ్బు చేసి పిలిస్తే వెళ్ళాలి. ఇంకో ఫిర్యాదు వచ్చిందంటే ఐదేళ్ళు దీవికి పంపిస్తానన్నాడు. దుబాసీ ఇదంతా చెప్పేటప్పటికి ఆమెకు ఇంకా రెండో మాట కొట్టేశారన్న సంగతి బుర్రకు ఎక్కలేదు. ఇద్దిబాల్ కుంటుతూ వచ్చి చెయ్యి పట్టుకుని చావడి బయటికి లాక్కొచ్చాక మెట్ల మీద కూలబడింది.

*

మర్నాడు ఉదయం ఆమె వెళ్ళింది. ఆ గడప దాటడానికి ద్వారపాలకుడి చెయ్యి పట్టుకోవలసి వచ్చింది. అందరికంటే వెనక నిలబడింది. పుదెన్స్ ఒక్కొక్కరినీ పలకరిస్తూ వచ్చి ఆమె దగ్గర ఆగలేదు. పది రోజులు అలాగే జరిగింది. శిక్ష తప్పిందని ఊరంతా అనుకున్నా, ఆమెకు మాత్రం రోజూ తెల్లవారగానే అదే శిక్ష. ఏ రోజు ఏ తప్పు పడుతుందో, ఏ చూపు ఇంకో పలకవుతుందో తెలియదు. కానీ నొవెల్లా మగ్గాల గది కిటికీలోంచి చెయ్యి ఊపేది. అది చూసి వచ్చేది.

వేసవి చివర పుదెన్స్‌కు మళ్ళీ జ్వరం తగిలింది. మూడో రోజు ఆమెను లోపలికి పిలిచారు. మంచం మీద పడుకుని ఉన్నాడు, కళ్ళు గుంటలు పడ్డాయి.

"గంజి కావాలి," అన్నాడు.

ఆమె నిలబడ్డ చోటే నిలబడింది. చేతులు వీపు వెనక పెట్టుకుంది. అతను కాసేపు ఆ చేతులు ఎక్కడికి పోయాయో చూశాడు. తర్వాత ఇంటి పెద్ద పనివాడిని పిలిచి, ఇంట్లో ఉన్న వాళ్ళందరినీ గదిలోకి రమ్మన్నాడు. వంటవాడు, ద్వారపాలకుడు, మగ్గాల ఆడవాళ్ళు, తోటమాలి, అందరూ గోడల వారగా నిలబడ్డారు. నొవెల్లా కూడా వచ్చింది.

"వినండి. ఈ గంజి నేను అడిగి కాయించుకుంటున్నాను. తాగాక నాకేమైనా అయితే ఈమె మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. ఏమీ అడగకూడదు. అర్థమైందా?"

అందరూ అర్థమైందన్నారు. క్రెస్తే పేరు అతను ఎత్తలేదు. క్షమించమనీ అనలేదు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

బిరిక్త గంజి కాచింది. జీలకర్ర సగం పొయ్యిలో పడింది. గిన్నె మంచం దగ్గరికి తెచ్చి, ముందు తనే రెండు గరిటెలు తాగి, అప్పుడు అతనికి పట్టింది. అతను చివరి దాకా తాగాడు. ఆ మధ్యాహ్నమంతా, ఆ పైన మరో రెండు రోజులూ, ఆమె మంచం పక్క నేల మీద కూర్చుని అతని ఊపిరి లెక్కపెడుతూనే ఉంది. అందరి ముందూ చెప్పాడు, నిజమే. కానీ చనిపోయిన మనిషి మాటను ఎంతమంది నిలబెడతారో ఆమెకు తెలుసు. ఐదో రోజున చెమట పట్టి జ్వరం దిగింది. అప్పుడు ఆమె పెరట్లోకి పోయి వాంతి చేసుకుంది.

నాలుగేళ్ళ తర్వాత, ముప్పై నిండాక, నొవెల్లాకు విడుదల వచ్చింది. అడగకుండానే ఇచ్చాడు. ఆ రోజున తల్లికి ఆనందమా అంటే, ఆమె విడుదల పలక చూసింది, ముద్ర చూసింది, మళ్ళీ చూసింది, ఇద్దిబాల్ చేత మూడుసార్లు చదివించుకుంది. ప్రతిసారీ ఇంకేమైనా మాట ఉందా అని అడిగింది. ఇంకే మాటా లేదని అతను ప్రతిసారీ ఓపిగ్గా చెప్పాడు. తల్లీ కూతుళ్ళు రేవు సందులోనే రెండు మగ్గాలు వేసుకున్నారు. నొవెల్లా రంగులద్దేవాడిని పెళ్ళి చేసుకుంది, ఇద్దరు పిల్లలు.

బిరిక్త అరవై ఒకటో ఏట పోయింది. ఆ ఏడు ఆలివ్ కాపు బాగా వచ్చింది. పోయిన రోజు కూడా ఉదయం పెద్దింటికి వెళ్ళి నమస్కారం పెట్టి వచ్చింది. మధ్యాహ్నం మనవరాలికి జుట్టు దువ్వుతూ, ఆయాసంగా ఉందని గోడకు ఆనుకుంది. నొవెల్లా నీళ్ళు తెచ్చేసరికి దువ్వెన పిల్ల జుట్టులోనే ఉంది.